బతికి బయటపడ్డవాళ్ల మీద డాక్యుమెంటరీ: తెర వెనక ఒప్పందాలు

2021లో సన్‌డాన్స్ చిత్రోత్సవంలో ‘సబాయా’ అనే డాక్యుమెంటరీకి దర్శకత్వ బహుమతి వచ్చింది. ఇస్లామిక్ స్టేట్ చెరపట్టిన యజీదీ (ఇరాక్‌లోని ఒక మత మైనారిటీ) స్త్రీలను సిరియాలోని అల్-హోల్ శిబిరం నుంచి తప్పించి తెచ్చే కార్యకర్తల కథ అది. అదే ఏడాది సెప్టెంబరులో న్యూయార్క్ టైమ్స్ ఒక కథనం వేసింది. తెర మీద కనిపించిన స్త్రీలలో కొందరు, తమను ఇలా చూపించడానికి ఒప్పుకోలేదని ఆ పత్రికతో చెప్పారు. మరుసటి ఏడాది స్వీడన్‌లో ఇంకో సంగతి బయటపడింది. ఒక స్త్రీని విడిపించే సన్నివేశంలో కనిపించింది, కథలో చెప్పిన స్త్రీ కాదు, వేరొకరు. దర్శకుడు హోగిర్ హిరోరి ఆ మాట ఒప్పుకున్నాడు.

చెర నిజం. శిబిరం నిజం. ఆ స్త్రీలు పడ్డ బాధ నిజం. అయినా సినిమా మీద నమ్మకం పోయింది. ఎందుకు పోయిందో అర్థం కావాలంటే జాతిహననాల నుంచి బతికి బయటపడ్డవాళ్ల మీద సినిమాలు ఎలా తయారవుతాయో తెలియాలి. ఎవరు, ఎప్పుడు, ఏ భాషలో, దేనికి ఒప్పుకున్నారు? కెమెరా లేని రోజుల్లో జరిగినదాన్ని కెమెరా ముందుకు ఎలా తెచ్చారు? ఈ రెండు ప్రశ్నల చుట్టూనే దాదాపు అన్ని వివాదాలూ తిరుగుతుంటాయి. ఈ వ్యాసంలో ఎక్కువ ఉదాహరణలు కంబోడియావి. ఆ దేశపు శరణార్థుల మీద నాలుగు దశాబ్దాలుగా సినిమాలు వస్తున్నాయి కాబట్టి ఏ పద్ధతి ఎక్కడికి దారితీసిందో అక్కడ స్పష్టంగా కనిపిస్తుంది.

జాతిహననం: చట్టం గీసిన గీత ఎక్కడ

జాతిహననం (జెనోసైడ్) అనే ఈ నేరానికి పేరు పెట్టింది పోలండ్ యూదు న్యాయవాది రఫాయెల్ లెమ్కిన్, 1944లో. 1948 డిసెంబరు 9న ఐక్యరాజ్యసమితి దాని మీద ఒడంబడికను ఆమోదించింది. దాని ప్రకారం ఐదు రకాల పనులు ఈ నేరం కిందికి వస్తాయి. చంపడం, తీవ్రమైన శారీరక మానసిక హాని చేయడం, బతకడానికి వీల్లేని పరిస్థితులు కావాలని కల్పించడం, పుట్టుకలను ఆపడం, పిల్లలను బలవంతంగా వేరే సమూహానికి తరలించడం. అయితే పని ఒక్కటే చాలదు. ఒక జాతీయ, జాతి, వర్ణ లేదా మత సమూహాన్ని పూర్తిగానో కొంతమేరకో తుడిచిపెట్టాలన్న ఉద్దేశం ఉందని రుజువు కావాలి. రాజకీయ వర్గాలు, ఆర్థిక వర్గాలు ఆ జాబితాలో లేవు.

కంబోడియా దగ్గర చిక్కు ఇక్కడే వచ్చింది. 1975 ఏప్రిల్ 17 నుంచి 1979 జనవరి 7 వరకు ఖ్మేర్ రూజ్ అనే కమ్యూనిస్టు దళం పాలనలో 15 నుంచి 20 లక్షల మంది చనిపోయారు. మరణశిక్షలు, ఆకలి, రోగాలు, చాకిరీ అన్నీ కలిసి దేశంలో దాదాపు నాలుగో వంతు మందిని మింగేశాయి. చచ్చినవాళ్లలో ఎక్కువమంది దేశంలో అధిక సంఖ్యాకులైన ఖ్మేర్లే, చంపినవాళ్లూ ఖ్మేర్లే. నామ్ పెన్‌లోని ప్రత్యేక న్యాయస్థానం 2018 నవంబరు 16న ఇచ్చిన తీర్పులో జాతిహననం అన్న మాటను చామ్ ముస్లింల విషయంలో, వియత్నామీయుల విషయంలో మాత్రమే వాడింది. మిగతా మరణాలను మానవత్వంపై నేరాల కింద లెక్కగట్టింది.

అంటే ఒకే ఊళ్లో, ఒకే ఏడాది, ఒకే ఆకలితో పిల్లల్ని పోగొట్టుకున్న రెండు కుటుంబాలకు కోర్టు కాగితాల్లో రెండు వేర్వేరు పేర్లు. సినిమాలు ఈ తేడా పాటించవు, పాటించాలని ఆశించడమూ సరికాదు. కానీ డాక్యుమెంటరీ పోస్టరు మీద ఆ మాట కనిపించినప్పుడు అది కోర్టు తేల్చిన మాటా, ప్రభుత్వాలు ప్రకటించిన మాటా, బాధితులు తమకు జరిగినదానికి పెట్టుకున్న పేరా అన్నది చూసుకోవాలి. మయన్మార్‌లోని రోహింగ్యా ముస్లింల విషయంలో అమెరికా ప్రభుత్వం 2022 మార్చిలో ఆ మాట వాడింది. అంతర్జాతీయ న్యాయస్థానంలో మయన్మార్ మీద గాంబియా వేసిన కేసులో 2020 జనవరిలో వచ్చినది మధ్యంతర ఉత్తర్వు, తుది తీర్పు కాదు. ఈ రెంటినీ ఒకటిగా కలిపేసే సినిమాలు తక్కువేం కాదు.

సరిహద్దు దాటినా శరణార్థి కానివాళ్లు

శరణార్థుల మీద 1951లో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం శరణార్థి అంటే వేధింపుల భయంతో సొంత దేశం దాటి వచ్చినవాడు. ఇరాక్‌లోనే, సింజార్ నుంచి దోహుక్ గుడారాలకు వెళ్లిన యజీదీలు చట్టం దృష్టిలో శరణార్థులు కారు. స్వదేశంలోనే నిర్వాసితులు. సరిహద్దు దాటినా ఆ హోదా దక్కకపోవచ్చు.

థాయ్ సరిహద్దులోని ‘సైట్ 2’ శిబిరమే చూడండి. 1985లో మొదలైన ఈ శిబిరంలో 1,40,000కి పైగా కంబోడియన్లు ఎనిమిది చదరపు కిలోమీటర్లలోపు చోటులో ఏళ్ల తరబడి బతికారు. అదే సరిహద్దు ప్రాంతంలో ఉన్న ఖావో-ఇ-దాంగ్ శిబిరం ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ కింద ఉండేది. అక్కడినుంచి అమెరికాకో ఫ్రాన్సుకో వెళ్లే దారి ఉండేది. సైట్ 2ని మాత్రం సరిహద్దు సహాయ సంస్థ నడిపేది. అక్కడివాళ్లను శరణార్థులుగా లెక్కించలేదు కాబట్టి మూడో దేశానికి పోయే దారి దాదాపు మూసుకుపోయింది. శిబిరాన్ని పట్టులో పెట్టుకున్నది సాయుధ దళాలు. ఆ సైనికుల కడుపు నింపినట్టు కాకూడదని సరిహద్దు శిబిరాల్లో తొలి ఏళ్లలో రేషన్ ఆడవాళ్లకు, ఆడపిల్లలకు మాత్రమే ఇచ్చేవాళ్లు. మగపిల్లలే ఎక్కువున్న తల్లి ఆ బియ్యంతో ఇల్లెలా గడపాలో ఆ నిబంధన రాసినవాళ్లు ఆలోచించినట్టు లేదు.

రితీ పాన్ తన మొదటి డాక్యుమెంటరీని 1989లో ఇక్కడే తీశాడు. యుక్తవయసులో ఖ్మేర్ రూజ్ పొలాల్లో తల్లిదండ్రుల్ని పోగొట్టుకుని, 1979లో థాయిలాండ్‌కు తప్పించుకుని, ఆ తర్వాత పారిస్ చేరి సినిమా చదివినవాడు. ఆ సినిమాలో యుద్ధం లేదు, శవాలు లేవు. ఒక తల్లి, ఆమె కుటుంబం, శిబిరంలో రోజు గడిచే తీరు ఉన్నాయి. ఇలాంటి సినిమాలన్నింటిలోకీ నాకు ఇది ముఖ్యమనిపించేది అందుకే. బతుకును మళ్లీ కట్టుకోవడమంటే కొత్త దేశంలో విమానం దిగడంతో మొదలయ్యే పని అని మనం అనుకుంటాం. నిజానికి అది గుడారంలో, ఎవరో నిర్ణయించిన రేషన్‌తో, ఎప్పుడు ముగుస్తుందో తెలియని నిరీక్షణలోనే మొదలవుతుంది.

కెమెరా లేని కాలాన్ని చూపించే దారులు

హంతకులు తమ పనిని సాధారణంగా చిత్రీకరించుకోరు. చిత్రీకరించుకున్నా అది ప్రచారం కోసం. ఖ్మేర్ రూజ్ తీసిన రీళ్లలో వేలమంది మట్టి తట్టలు మోస్తూ ఉత్సాహంగా కనిపిస్తారు. ఆకలి కనిపించదు. కాబట్టి దర్శకుడి చేతిలో ఉన్నవి ఇవి: సాక్ష్యం, పాత చిత్రాలు, జరిగినదాన్ని మళ్లీ చేసి చూపించడం, బొమ్మలు. ప్రతిదానికీ దాని చిక్కు దానికుంది.

నాజీలు యూదులను చంపిన తీరు మీద క్లాడ్ లాంజ్‌మన్ 1985లో విడుదల చేసిన ‘షోవా’ తొమ్మిది గంటలు దాటుతుంది. అందులో పాత ఫుటేజీ ఒక్క ముక్క లేదు. అంతా ఇప్పటి మనుషులు, ఇప్పటి స్థలాలు. ట్రెబ్లింకా మృత్యు శిబిరంలో స్త్రీల జుట్టు కత్తిరించాల్సి వచ్చిన అబ్రహాం బోంబా ఇజ్రాయెల్‌లో ఒక క్షౌరశాలలో జుట్టు కత్తిరిస్తూ మాట్లాడతాడు. ఆ దుకాణం చిత్రీకరణ కోసం ఏర్పాటు చేసింది. ఒక దగ్గర ఆయన గొంతు పూడుకుపోతుంది, ఇక చెప్పలేనంటాడు. లాంజ్‌మన్ ఆపడు, చెప్పి తీరాలంటాడు. కొందరికి ఇది సాక్ష్యచిత్రాల్లోనే శిఖరం. ఆ ఒత్తిడి లేకపోతే ఆ మాట ప్రపంచానికి దక్కేది కాదంటారు. ఇంకొందరికి అది హింస. గాయపడ్డ మనిషి వద్దన్నప్పుడు ఆగడం దర్శకుడి మొదటి బాధ్యత అంటారు. నలభై ఏళ్లయినా ఈ వాదన తెగలేదు. ఒక్కటి మాత్రం మారింది. ఈ రోజు శిక్షణ పొందిన ఏ ఇంటర్వ్యూకారుడూ అలా పట్టుబట్టడు.

పాత చిత్రాలు తేలికైన దారిలా కనిపిస్తాయి గానీ అవి వేసే ఉచ్చు వేరు. నామ్ పెన్‌లో పాఠశాలను జైలుగా మార్చిన తువోల్ స్లెంగ్‌లో, అంటే ఎస్-21లో, ఖైదీలకు తీసిన ఫొటోలున్నాయి. తీసింది జైలు అధికారులు. అంటే చనిపోబోయే మనిషిని చంపబోయేవాడి చూపులోంచి మనం చూస్తున్నాం. 2021 ఏప్రిల్‌లో వైస్ వెబ్‌సైట్ ఆ ఫొటోలకు రంగులు అద్దినవి ప్రచురించింది. కొన్ని ముఖాల మీద అసలు లేని చిరునవ్వులు చేర్చారని తేలింది. కంబోడియా సాంస్కృతిక శాఖ అభ్యంతరం చెప్పింది, వైస్ ఆ కథనాన్ని తీసేసింది. కృత్రిమ మేధ చేతికొచ్చాక ఈ ప్రమాదం పెరిగేదే గానీ తరిగేది కాదు.

మళ్లీ చేసి చూపించడంలో రితీ పాన్ 2003లో ‘ఎస్-21’ సినిమాలో వేరే దారి పట్టాడు. నటుల్ని పెట్టలేదు. ఆ జైలు కాపలావాళ్లనే అదే భవనానికి తీసుకొచ్చాడు. వాళ్లలో కొందరు అప్పట్లో పదమూడు పధ్నాలుగేళ్ల కుర్రాళ్లు. ఒకడు ఖాళీ గది తలుపు దగ్గర నిలబడి రాత్రి కాపలా ఎలా ఉండేదో చేసి చూపిస్తాడు. తాళం తీస్తాడు, లేని ఖైదీని గద్దిస్తాడు, లేని గిన్నె అందిస్తాడు. మాటల్లో తడబడినవాడి ఒళ్లు మాత్రం తడబడదు. ఆ సన్నివేశంలో కెమెరా గుమ్మం బయటే ఉండిపోతుంది. లోపలికి పోతే అక్కడ పడుకోబెట్టిన మనుషుల్ని తొక్కినట్టే కదా. ఇది పునర్నటనే. కానీ ఎవరు చేస్తున్నారో, ఎక్కడ చేస్తున్నారో, ఎందుకు చేస్తున్నారో ప్రేక్షకుడికి పూర్తిగా తెలుసు. ‘సబాయా’లో లోపించింది సరిగ్గా ఇదే. సన్నివేశాన్ని మళ్లీ చేయించడం నేరమేమీ కాదు, దాన్ని అప్పటికప్పుడు జరిగినట్టు చూపించడమే తప్పు.

పదేళ్ల తర్వాత అదే దర్శకుడు తన సొంత కుటుంబ కథకు మట్టిబొమ్మలు వాడాడు. ‘ద మిస్సింగ్ పిక్చర్’ 2013లో కాన్‌లో అన్ సర్టెన్ రిగార్డ్ విభాగం అగ్ర బహుమతి గెలిచింది, ఆ తర్వాత ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లింది. ఆ బొమ్మలు కదలవు. కదిలేది కెమెరా, కథకుడి గొంతు. బొమ్మ తాను బొమ్మనని దాచుకోదు కాబట్టి ఎవరూ మోసపోరు. 2021 నాటి ‘ఫ్లీ’లో ఆఫ్ఘన్ శరణార్థి కథను యానిమేషన్‌లో చెప్పడానికి కారణం వేరు. అతని గుర్తింపు దాచాలి, కానీ గొంతు మాత్రం అతనిదే.

ఇంట్లో చెప్పని సంగతి కెమెరా ముందు

కంబోడియా నుంచి అమెరికా చేరిన శరణార్థులు 1,50,000 వరకు ఉంటారు. వాళ్ల పిల్లలు తీసిన సినిమాల్లో తరచూ వచ్చే విషయం మౌనం. సొచేతా పోవ్ థాయ్ శిబిరంలో పుట్టి టెక్సాస్‌లో పెరిగింది. ఇరవై అయిదేళ్ల వయసులో ఒక క్రిస్మస్ నాడు తల్లిదండ్రులు ఆమెతో ఒక నిజం చెప్పారు. ఇన్నాళ్లూ అక్కలనుకున్నవాళ్లు నిజానికి చనిపోయిన పెద్దమ్మ కూతుళ్లు, అన్న కూడా తల్లికి మొదటి పెళ్లిలో పుట్టినవాడు. ఆమె 2006లో తీసిన ‘న్యూ ఇయర్ బేబీ’ అమ్మానాన్నలతో కంబోడియాకు తిరిగి వెళ్లి, దీని వెనక ఏముందో వెతుకుతుంది.

ఇక్కడ రెండు విషయాలు గమనించాలి. జాతిహననం తర్వాత కుటుంబం అంటే మిగిలినవాళ్లంతా కలిసి కట్టుకున్నది. తల్లిలేని పిల్లల్ని సొంత పిల్లలని చెప్పుకోవడం అక్కడ మోసం కాదు, బాధ్యత. రెండోది సినిమాకు సంబంధించింది. కూతురే దర్శకురాలైతే తల్లి ‘వద్దు’ అనగలదా? బయటి దర్శకుడికి ఇచ్చే సమ్మతి కన్నా ఇంట్లోవాళ్లకు ఇచ్చే సమ్మతి స్వేచ్ఛగా ఉంటుందని అనుకోవడానికి లేదు. మొహమాటం అక్కడే ఎక్కువ. అయితే బయటివాళ్లకు ఎప్పటికీ చెప్పని మాటలు పిల్లలకు చెబుతారన్నదీ నిజమే. ఆ లాభం కోసం ఈ ఇబ్బందిని భరించవచ్చా అన్నది ఇంటింటికీ మారే లెక్క.

సమ్మతి: ఒక సంతకం ఎందుకు చాలదు

సినిమావాళ్లు సంతకం చేయించే రిలీజ్ ఫారం అసలు ఎవరి కోసం పుట్టింది? పంపిణీదారు సినిమా కొనేముందు బీమా అడుగుతాడు. బీమా సంస్థ, తెర మీద కనిపించే ప్రతి మనిషి అనుమతి కాగితం అడుగుతుంది. అంటే ఆ కాగితం రేపు ఎవరైనా కోర్టుకెక్కితే నిర్మాతను కాపాడటానికి. కుటుంబాన్ని కాపాడటానికి కాదు. ‘సబాయా’ విషయంలో చిత్రీకరణ అప్పుడు మాటగా తీసుకున్న అనుమతికి తోడు, చాలాకాలం తర్వాత పంపిన ఫారాలు ఇంగ్లిషులో ఉన్నాయని పత్రికలో వచ్చింది. చెరలోంచి బయటపడిన తొలి గంటల్లో, తనను కాపాడిన మనిషి పక్కనే నిలబడి ఉండగా, కెమెరా పట్టుకున్నవాడు అడిగితే ‘సరే’ అన్నదానికి ఎంత విలువ ఉంటుంది?

సరిగ్గా చేసేవాళ్లు దీన్ని విడతలుగా చేస్తారు. కెమెరా లేకుండా మొదటిసారి మాట్లాడతారు. సినిమా ఎవరు చూస్తారు, ఫోన్‌లోకి వస్తుందా, సొంత ఊరివాళ్ల కంట పడుతుందా అన్నవి వాళ్ల భాషలోనే చెబుతారు. చదువురానివాళ్ల దగ్గర వేలిముద్ర బదులు మాటను రికార్డు చేస్తారు. చిత్రీకరణ మధ్యలో మళ్లీ అడుగుతారు. ఎడిటింగ్ తుదిరూపానికి రాకముందే వాళ్ల భాగం వాళ్లకు చూపించి, తీసేయమన్నది తీసేస్తారు. ఆ గడువు దాటాక, సినిమా అమ్ముడుపోయాక, వెనక్కి తీసుకోవడం ఆచరణలో అసాధ్యం. ఇది కూడా ముందే చెప్పాలి.

దర్శకుల వైపు వాదనలో పసలేకపోలేదు. పాల్గొన్నవాళ్లకు కత్తెర ఇస్తే సినిమా ప్రకటనగా మారుతుందంటారు. సాయుధ దళాలు, సహాయ సంస్థలు, ఊరి పెద్దలు వాళ్ల చేత కోతలు పెట్టించవచ్చు. అది ఊహ కాదు, శిబిరాల్లో జరిగేదే. అందుకే చాలామంది మధ్యస్థంగా పోతారు. భద్రతకు, పరువుకు సంబంధించిన అభ్యంతరానికి కత్తెర, అభిప్రాయభేదానికి చర్చ.

చంపినవాళ్ల విషయంలో ఇవే నియమాలా? కంబోడియా విలేకరి థెట్ సంబత్, ఖ్మేర్ రూజ్‌లో రెండో స్థానంలో ఉన్న నువోన్ చియాను ఏళ్ల తరబడి కలుస్తూ నమ్మకం సంపాదించాడు. తన కుటుంబం ఆ పాలనలోనే బలైందని చాలాకాలం చెప్పలేదు. 2009లో వచ్చిన ‘ఎనిమీస్ ఆఫ్ ది పీపుల్’ ఆ సంభాషణల ఫలితం. కోర్టు ఆ టేపులు అడిగితే, మాట్లాడినవాళ్లకు మాటిచ్చానని ఇవ్వనన్నాడు. నిజం దాచి హంతకుడి నోట నిజం చెప్పించడాన్ని ఎక్కువమంది తప్పుపట్టలేదు. టేపులు ఇవ్వకపోవడం మీద మాత్రం అభిప్రాయాలు చీలాయి.

కోర్టుకూ సినిమాకూ ఇంకో గొడవ ఉంది, దాని గురించి బయట తక్కువ మాట్లాడతారు. బాధితురాలు ఒకే సంగతి ఐదుగురికి చెబితే ఐదు కథనాలు తయారవుతాయి. తేదీ మారుతుంది, వరస మారుతుంది. జ్ఞాపకం తీరే అంత. కానీ నిందితుడి లాయరు ఆ తేడాలనే పట్టుకుని సాక్షి అబద్ధమాడుతోందంటాడు. 2018లో అలెగ్జాండ్రియా బాంబాక్ తీసిన ‘ఆన్ హర్ షోల్డర్స్’లో, ఇస్లామిక్ స్టేట్ చెరలోంచి బయటపడిన యజీదీ స్త్రీ నాదియా మురాద్ వేదిక తర్వాత వేదికలో అదే కథ చెప్పి అలసిపోవడం చూస్తాం. ఆమె పేరిటే 2022లో వచ్చిన ‘మురాద్ కోడ్’ (లైంగిక హింస బాధితుల నుంచి సాక్ష్యం సేకరించేవాళ్లకు నియమావళి) అందుకే ముందుగా ఒకటి అడగమంటుంది: ఈ ఇంటర్వ్యూ అసలు అవసరమా, ఈ సమాచారం ఇప్పటికే ఎక్కడైనా ఉందా?

అనువాదంలో జారిపోయేది, డబ్బు దగ్గర తేలనిది

చిత్రీకరణ జరిగేచోట అనువాదకుడు చెప్పేది సారాంశం. మనిషి మూడు నిమిషాలు మాట్లాడితే, ‘అప్పుడు చాలా కష్టపడ్డామంటోంది’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తాడు. దర్శకుడు దాన్నిబట్టి తర్వాతి ప్రశ్న వేస్తాడు. నెలల తర్వాత ఎడిటింగ్ గదిలో వేరే అనువాదకుడు మాట మాటా రాసి ఇచ్చినప్పుడు అసలు విషయం బయటపడుతుంది. అడగాల్సిన ప్రశ్న అడగకుండా వదిలేశామని అప్పుడు తెలుస్తుంది. రోజూ సాయంత్రం ఆనాటి ఫుటేజీలో కనీసం కొంత పూర్తిగా అనువదించుకుంటే ఈ నష్టం తగ్గుతుంది. ఖర్చు పెరుగుతుంది కాబట్టి చాలామంది మానేస్తారు.

అనువాదకుడు ఎవరన్నదీ ముఖ్యమే. అదే శిబిరంవాడైతే భాష బాగుంటుంది, గుట్టు ఉండదు. మగవాడైతే స్త్రీలు కొన్ని సంగతులు చెప్పరు. చిట్టగాంగ్ భాష, రోహింగ్యా భాష దగ్గరివే కదా అని బంగ్లాదేశీ అనువాదకుడిని పెడితే, అర్థమైనట్టే ఉండి అర్థంకాని మాటలు దొర్లుతాయి. ఇక సబ్‌టైటిల్ రెండు వరుసలకు మించదు, కొన్ని క్షణాలకు మించి నిలవదు. తడబాట్లు, తిరిగి చెప్పిన మాటలు, సగంలో ఆపిన వాక్యాలు ముందు పోతాయి. విచిత్రంగా సాక్ష్యంలో బరువంతా ఉండేది వాటిలోనే.

డబ్బు విషయంలో రెండు వాదాలున్నాయి. చెల్లిస్తే సాక్ష్యం కొన్నట్టవుతుంది, రేపు కోర్టులో చెల్లదు అనేది ఒకటి. రోజుకూలీ చేసుకునే మనిషిని పది రోజులు కూర్చోబెట్టి, సినిమా అమ్ముకుని, అతనికి కూలి కూడా ఇవ్వకపోవడం దోపిడీ అనేది ఇంకొకటి. పోయిన కూలి, దారిఖర్చులు ఇచ్చి, చెప్పిన మాటకు మాత్రం వెల కట్టకపోవడం ఎక్కువగా కనిపించే రాజీ.

సినిమా ఆగేచోట బతుకు ఆగదు

ఇలాంటి సినిమాలకు సుఖాంతం మీద మోజు ఎక్కువ. పౌరసత్వ ప్రమాణం, పట్టభద్రుడైన కొడుకు, సొంత దుకాణం. 2020లో వచ్చిన ‘ద డోనట్ కింగ్’ కథానాయకుడు టెడ్ న్గోయ్ 1975లో పారిపోయి వచ్చి కాలిఫోర్నియాలో డోనట్ దుకాణాల వరస కట్టాడు. వందకు పైగా శరణార్థి కుటుంబాలకు హామీ ఉండి వాళ్లను ఈ వ్యాపారంలో దింపాడు. అక్కడుండే తెలుగువాళ్లు ఆఫీసుకు పట్టుకెళ్లే డోనట్ల గులాబీరంగు డబ్బా వెనక ఉన్నది ఈ చరిత్రే. సినిమాలో మెచ్చుకోదగ్గది, అతను సంపాదించినదంతా జూదంలో పోగొట్టుకోవడాన్నీ దాచకపోవడం.

దీనికి రెండో వైపు 2006 నాటి ‘సెంటెన్స్డ్ హోమ్’. పసివయసులో సియాటిల్ వచ్చి, పౌరసత్వం తీసుకోక, కుర్రతనంలో నేరాలు చేసి, శిక్ష కూడా అనుభవించిన కంబోడియన్లను అమెరికా మళ్లీ కంబోడియాకే పంపేసింది. 1996 నాటి అమెరికా వలస చట్టం, 2002లో రెండు దేశాల మధ్య కుదిరిన ఒప్పందం కలిసి దానికి దారి తీశాయి. ఇదే కుటుంబాల మీద అయిదేళ్ల ముందు ఎవరైనా సినిమా తీసి ఉంటే అది విజయగాథగా ముగిసేది.

బాలాపూర్‌లో కెమెరా పెడితే

ఈ చర్చ మనకు దూరమైనదేమీ కాదు. హైదరాబాద్ శివారు బాలాపూర్ చుట్టుపక్కల రోహింగ్యా కుటుంబాలు పదేళ్లకు పైగా గుడిసెల్లో ఉంటున్నాయి. భారత్ 1951 ఒప్పందం మీద సంతకం చేయలేదు. ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ ఇచ్చే కార్డు చేతిలో ఉన్నా, ఇక్కడి చట్టం దృష్టిలో వాళ్లు వీసా లేని విదేశీయులే. 2018 అక్టోబరులో అస్సాం నుంచి ఏడుగురిని మణిపూర్ సరిహద్దు దగ్గర మయన్మార్‌కు అప్పగించారు. 2021 ఏప్రిల్‌లో జమ్మూలో నిర్బంధించినవాళ్ల విషయంలో సుప్రీంకోర్టు, నిర్ణీత పద్ధతి పాటించి పంపవచ్చంది.

కాబట్టి ఇక్కడ తీసే సినిమాలో ప్రమాదం మాటల్లో కన్నా వివరాల్లో ఉంటుంది. కార్డు మీద నంబరు, గుడిసె వెనక కనిపించే దుకాణం బోర్డు, పిల్లాడి బడి యూనిఫాం, ఎక్కడ పనిచేస్తున్నాడో చెప్పిన ఒక్క వాక్యం, ఏ దారిన సరిహద్దు దాటి వచ్చారన్న వివరణ. ముఖం మసకబార్చినా గొంతు పట్టిస్తుంది. గొంతు మార్చినా చేతి మీద మచ్చ పట్టిస్తుంది. మయన్మార్‌లోని సొంత ప్రాంతం రఖైన్‌లో మిగిలిన బంధువుల పేరు నోరుజారి చెబితే, ఆ ముప్పు ఇక్కడ కాదు, అక్కడ పడుతుంది. అనుభవమున్న బృందాలు ఎడిటింగ్ అయ్యాక, విడుదలకు ముందు, ఆ సమాజానికి చెందిన ఒకరిని పక్కన కూర్చోబెట్టుకుని సినిమాను షాట్ షాట్‌కూ ఆపి చూస్తాయి. గంటన్నర సినిమాకు ఈ పని రెండు మూడు రోజులు పట్టినా పడుతుంది, బాగా వచ్చిన షాట్లు కొన్ని ఆ గదిలోనే కత్తెరకు పోతాయి.